డచ్ పద్ధతిలో ఇంటి సామాను స్టిల్ లైఫ్: బల్ల సర్దడం నుంచి వార్నిష్ దాకా

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారులు పీటర్ క్లాస్, విల్లెమ్ హేడాల స్టిల్ లైఫ్‌లు (బల్ల మీద సర్దిన వస్తువుల బొమ్మలు) చూసి ఇంట్లో అలాంటిది వేయాలని కూర్చున్నవాళ్లు ఎక్కువగా అడిగేవి మూడే. గ్లాసు గాజులా ఎందుకు రావడం లేదు? పళ్లెం లోహంలా ఎందుకు కనిపించడం లేదు? వస్తువులు కత్తిరించి అతికించినట్టు ఎందుకు ఉన్నాయి? ఈ మూడింటికీ జవాబు చివర్లో చేసే బ్రష్ పనిలో దొరకదు. బల్ల ఎలా సర్దారు, టోన్లు (లేత, ముదురు మెట్లు) ఎలా తేల్చుకున్నారు, దేని తర్వాత ఏది వేశారు అన్నదాంట్లో దొరుకుతుంది.

ఇక్కడ చెప్పేది 1620ల చివరి నుంచి 1640ల దాకా నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో వాళ్లిద్దరూ పెంచిన తక్కువ రంగుల పద్ధతి. ప్యూటర్ (తగరపు మిశ్రమ లోహం) పళ్లెం, మట్టి కుంపటి, తెల్లమట్టి పైపులు, బీరు గ్లాసు, రొట్టె, కత్తి వంటి సామానుతో, గోధుమ, బూడిద, మాసిన ఆకుపచ్చ రంగుల్లోనే బొమ్మ మొత్తం నడుస్తుంది. ఆయిల్ కలర్స్ కాస్తయినా వాడిన అనుభవం ఉంటే చాలు, ఇది చేయగలరు.

## 1. ముందు అసలు చిత్రాలు చూడండి, రంగు తీసేసి

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన చిత్రాలను పెద్ద సైజులో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. అక్కడ హేడా 1635లో వేసిన బంగారు పూత కప్పు ఉన్న చిత్రం, యాన్ యాన్స్ వాన్ డె వెల్డె 1647లో వేసిన పొడవాటి బీరు గ్లాసు చిత్రం తీసుకోండి. ది హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న, పీటర్ క్లాస్ 1627లో వేసిన వెలిగే కొవ్వొత్తి చిత్రం కూడా చూడండి. నెదర్లాండ్స్‌లో ఉంటున్న తెలుగువాళ్లు మ్యూజియంకే వెళ్లి పక్కనుంచి, వాలుగా చూస్తే రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో తెలుస్తుంది. ఫోటోలో అది కనిపించదు.

ఫోన్‌లో ఆ ఫోటోలను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి ఇవి గమనించండి:

- అచ్చమైన తెలుపు ఎన్ని చోట్ల ఉంది? చాలా కొద్ది చోట్లే. తెల్ల గుడ్డ కూడా నిజానికి లేత బూడిదే.
- వెలుగు వచ్చే వైపు గోడ చీకటిగా, అవతలి వైపు గోడ లేతగా ఉందా?
- కత్తి పిడి, పళ్లెం అంచు, నిమ్మతొక్క వంటివి బల్ల అంచు దాటి ముందుకు వస్తున్నాయా?
- ఎత్తైన వస్తువు నుంచి పొట్టి వస్తువు దాకా ఒక వాలు గీత పడుతోందా?

రెండోది అన్నిటికన్నా ముఖ్యం. ఎడమ నుంచి వెలుగు వస్తున్నప్పుడు వస్తువు వెలుగు వైపు చీకటి గోడ మీద, నీడ వైపు లేత గోడ మీద కనిపించేలా ఏర్పాటు చేస్తే, గీత గీయకుండానే వస్తువు గోడ నుంచి విడిపడుతుంది.

## 2. సామాన్ల జాబితా

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, ఐవరీ బ్లాక్, రా అంబర్, బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియన్నా, ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో. నీలం ట్యూబు కొనకండి. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిద, చుట్టూ గోధుమ రంగులు ఉన్నప్పుడు నీలంలాగే కనిపిస్తుంది. అదే బ్లాక్‌ను ఎల్లో ఓకర్‌తో కలిపితే మాసిన ఆకుపచ్చ వస్తుంది. నీలం చేతికి అందుబాటులో ఉంటే ఈ బొమ్మ పాడవుతుందనే నా నమ్మకం.

ఆనాటి డచ్ చిత్రకారులు సీసపు తెలుపు, సీసం-తగరం పసుపు వాడారు. రెండూ విషం. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు కాబట్టి వాటి జోలికి పోవద్దు. టైటానియం వైట్, లెమన్ ఎల్లో సరిపోతాయి. జింక్ వైట్ మాత్రం వద్దు, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది.

- బ్రష్‌లు: గరుకు వెంట్రుకల ఫ్లాట్ 4, 8 నంబర్లు, మెత్తని సింథటిక్ రౌండ్ 1, 2, 4 నంబర్లు, అంచులు కలపడానికి పొడిగా ఉంచుకునే మెత్తని వెడల్పు బ్రష్ ఒకటి
- అవిసె నూనె, టర్పెంటైన్
- 12 × 16 అంగుళాల ఎండీఎఫ్ పలక, 6 మి.మీ. మందం
- అక్రిలిక్ గెస్సో (రంగు వేసే ముందు పలకకు పూసే తెల్ల పూత), 320 నంబరు శాండ్ పేపర్
- బొగ్గు కడ్డీ, ట్రేసింగ్ పేపర్, మాస్కింగ్ టేపు
- పాత నూలు గుడ్డలు, మూత ఉన్న రేకు డబ్బా

ఆ రేకు డబ్బా తప్పనిసరి. అవిసె నూనె పీల్చుకున్న గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంట అంటుకుంటాయి. పని అయ్యాక గుడ్డల్ని నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి, లేదా బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి.

## 3. పలక తయారీ

డచ్ చిత్రకారులు ఎక్కువగా ఓక్ చెక్క మీద వేశారు. మనకు ఎండీఎఫ్ సులువు. కాన్వాస్ మీద కూడా వేయొచ్చు, కానీ గాజు, లోహం లాంటి నున్నని వస్తువులకు దాని నేత అడ్డు వస్తుంది.

పలకకు రెండు వైపులా, నాలుగు అంచులకూ గెస్సో పూయండి. అంచులు వదిలేస్తే వానాకాలపు తేమకు ఎండీఎఫ్ ఉబ్బుతుంది. ముందువైపు మూడు పూతలు వేసి, ఒక్కో పూత ఆరాక శాండ్ పేపర్‌తో రుద్దండి. చివరి పూతలో కొంచెం రా అంబర్ అక్రిలిక్ రంగు కలపండి. లేత గోధుమ బూడిద రావాలి, టీ కంటే లేతగా.

ఈ రంగు నేల లేకుండా మొదలుపెట్టొద్దు. తెల్లటి పలక మీద ఏ టోన్ వేసినా ముదురుగా కనిపించి చేయి వెనక్కి లాగుతుంది. చివరికి బొమ్మంతా పాలిపోతుంది. గెస్సో మీద ఆయిల్ వేసే ముందు మూడు రోజులు ఆగండి.

## 4. వస్తువుల ఎంపిక

హార్లెమ్ బల్లల మీద కనిపించే వాటిలో చాలావరకు ఆ ఊరి ఇళ్లలో రోజూ వాడిన సామానే. కాబట్టి మీరూ ఇంట్లో ఉన్నవే తీసుకోండి. మెరుపు తీరులో తేడా ఉన్న ఐదు వస్తువులుంటే చాలు.

- నున్నని పారదర్శకం: పలచటి గాజు గ్లాసు, సగం నీళ్లతో
- మసక లోహం: పాత సత్తు పళ్లెం. ప్యూటర్ తగరంతో చేసే మిశ్రమ లోహం, దాని మెరుపుకు ఇది దగ్గర. కొత్త స్టీలు పళ్లెం అద్దంలా గదినంతా చూపిస్తుంది, మొదటి బొమ్మకు వద్దు.
- మెరుపు లేనిది: మట్టి ముంత లేదా చిన్న కుంపటి
- గరుకైనది: విరిచిన బన్ను
- ఒకే ఒక్క రంగు చుక్క: సగం ఒలిచిన నిమ్మకాయ

వీటికి తోడు ఒక కత్తి, ఇస్త్రీ మడతలు కనిపించే తెల్ల నూలు గుడ్డ. డచ్ బల్లల మీద హెర్రింగ్ చేప తరచుగా ఉంటుంది. మన ఎండలకు చేప పూట కూడా నిలవదు, వదిలేయండి.

## 5. బల్ల సర్దడం, వెలుగు

ఈ దశకు ఒక పూటంతా కేటాయించండి. తొందరపడేది అందరూ ఇక్కడే.

బల్ల ముందు అంచు మీ బొమ్మ కింది అంచుకు సమాంతరంగా ఉండాలి. మీ కన్ను బల్ల కంటే కొంచెం ఎత్తులో, అంటే పళ్లెం సన్నని దీర్ఘవృత్తంలా కనిపించేంత ఎత్తులో ఉండాలి. పైనుంచి చూస్తే పళ్లెం గుండ్రంగా తెరుచుకుని ఈ పద్ధతి పోతుంది. కూర్చునే వేస్తే బల్ల కింద రెండు ఇటుకలు పెట్టుకోవచ్చు.

వెనక బూడిద గోధుమ రంగు అట్ట నిలబెట్టండి. వెలుగు ఒక్క వైపు నుంచే, ఎడమ నుంచి కొంచెం పైగా రావాలి. ఎడమ పక్కన చిన్న అట్ట అడ్డం పెట్టి దాని నీడ వెనక గోడ ఎడమ భాగం మీద పడేలా జరపండి. మొదటి దశలో చూసిన చీకటి గోడ, లేత గోడ ఏర్పాటు ఇలా వస్తుంది.

నేరుగా ఎండ పడకుండా ఉత్తరపు కిటికీ వాడమని పుస్తకాలు చెబుతాయి. నెదర్లాండ్స్‌లో మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు కాబట్టి అక్కడ అది సరే. హైదరాబాద్, విశాఖపట్నం అక్షాంశాల దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. ఆ నెలల్లో కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించండి, లేదా కిటికీ మూసి 5000 కెల్విన్ ఎల్ఈడీ బల్బు ఒకటి వాడండి. సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినది అయితే రంగులు సరిగ్గా కనిపిస్తాయి. గదిలోని ట్యూబ్‌లైటు ఆర్పేయండి, రెండో వెలుగు నీడల్ని చంపేస్తుంది.

సర్దే వరుస ఇది. ముందు ఎత్తైన గ్లాసును మధ్యకు కాకుండా ఒక పక్కకు పెట్టండి. దాని పక్కన ముంత, ఆ తర్వాత పళ్లెం, చివర నిమ్మకాయ. పళ్లెం అంచు బల్ల దాటి కొంచెం బయటికి రావాలి. కత్తిని వాలుగా పెట్టి పిడి మన వైపు వచ్చేలా చూడండి. వస్తువులు ఒకదాన్నొకటి కొంత కప్పాలి. అంచుకు అంచు ఆనుకుని ఉండకూడదు, ఆనితే ఏది ముందో ఏది వెనకో తెలియదు.

చెక్‌లిస్టు:

- నీడలన్నీ ఒకే దిక్కుకు పడుతున్నాయి
- సగం కళ్లు మూసి చూస్తే వస్తువులన్నీ ఒకే ముద్దగా, రెండు మూడు మెరుపులతో కనిపిస్తున్నాయి
- గోడకు కనీసం మూడో వంతు ఖాళీ స్థలం ఉంది
- వస్తువుల అడుగుల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ టేపు గుర్తులు ఉన్నాయి
- ఫోన్‌తో నాలుగైదు ఫోటోలు తీశారు, నిమ్మకాయ వాడిపోతే పనికొస్తాయి

## 6. డ్రాయింగ్

పలక మీద నేరుగా గీయకుండా అదే సైజు కాగితం మీద గీయండి. ముందుగా ప్రతి గుండ్రని వస్తువుకూ మధ్యలో నిలువు గీత, తర్వాత ఎత్తులు, చివర దీర్ఘవృత్తాలు.

దీర్ఘవృత్తాల్లో రెండు తప్పులు అందరూ చేస్తారు. చివరలు మొనదేలేలా గీయడం ఒకటి. చివర ఎంత ఇరుకైనా గుండ్రంగానే తిరగాలి. గ్లాసు పైఅంచునూ అడుగునూ ఒకే వెడల్పులో తెరవడం రెండోది. కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న పైఅంచు సన్నగా, దూరంగా కిందున్న అడుగు ఎక్కువ తెరుచుకుని కనిపిస్తుంది. గ్లాసు అడుగు బల్లలా చదునుగా గీస్తే అది గాల్లో తేలుతుంది.

గ్లాసు రెండు పక్కలూ సమంగా వచ్చాయో లేదో తెలియాలంటే ట్రేసింగ్ పేపర్ మీద సగం గీసి, మధ్యగీత దగ్గర మడిచి రెండో సగం దించండి. డ్రాయింగ్ వెనక బొగ్గు రుద్ది పలక మీదికి దించుకుని, పలచని రా అంబర్‌తో గీతలు నిలపండి. మిగిలిన బొగ్గు పొడి గుడ్డతో దులపండి, లేకపోతే లేత రంగుల్లో కలిసి మురికి చేస్తుంది.

## 7. అండర్‌పెయింటింగ్

రంగు పొరకు కింద వేసే ఈ తొలి పొరలో రా అంబర్, తెలుపు మాత్రమే వాడండి. టర్పెంటైన్‌తో పలుచన చేయండి, నూనె కలపొద్దు.

ముందు పాలెట్ మీద ఐదు టోన్లు కలుపుకోండి. ఒకటి అతి ముదురు, ఐదు అతి లేత. గోడ రెండు నుంచి మూడున్నర మధ్య, గుడ్డ వెలుగు భాగం నాలుగు, గ్లాసు లోపల గోడ టోనే, వస్తువుల నీడలు ఒకటి, రెండు. ఐదో టోన్‌ను ఈ దశలో ముట్టొద్దు. అది చివరి హైలైట్లకు, అంటే మెరుపు మచ్చలకు.

నీడలు పలచగా, కింది నేల కాస్త కనిపించేలా ఉంచండి. వెలుగు భాగాలు మందంగా వేయండి. ఈ తేడా చివరి పొర దాకా నిలబెట్టాలి. మందంగా వేసిన నీడలో లోతు ఉండదు.

రా అంబర్ త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ నెమ్మది. ఎండాకాలంలో నాలుగైదు రోజులు, వానాకాలంలో వారం పైన పడుతుంది. వేలితో తాకితే అంటుకోకూడదు. ఆరాక ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లో అసలు బల్ల ఫోటో పక్కన పెట్టి పోల్చండి. టోన్ తప్పు ఉంటే ఇప్పుడే దిద్దండి. ఆ తర్వాత దిద్దడం అంటే మళ్లీ వేయడమే.

## 8. రంగు పొర: ఏది ముందు, ఏది వెనక

1692లో విల్లెమ్ బ్యూర్స్ అనే డచ్ చిత్రకారుడు ప్రచురించిన గ్రంథంలో ద్రాక్ష, నిమ్మ వంటి ఒక్కో వస్తువుకూ ఏ రంగులు కలపాలో విడివిడిగా చెప్పాడు. ఆ అలవాటు మనమూ చేసుకోవచ్చు. బ్రష్ పట్టే ముందు ప్రతి వస్తువుకూ నాలుగు మిశ్రమాలు కలుపుకోండి: వెలుగు, మధ్యస్థం, నీడ, పక్క వస్తువు నుంచి నీడలోకి పడే ప్రతిఫలనం.

వరుస: గోడ, గుడ్డ, వెనక వస్తువులు, ముందు వస్తువులు. నిమ్మకాయ, బన్ను మాత్రం వరుస తప్పించి ముందే వేసేయండి, అవి ఆగవు. అలా వేసినా వాటి చుట్టూ రెండంగుళాల మేర గుడ్డ, పళ్లెం కూడా అప్పుడే వేయాలి. తడి తడిలో కలిస్తేనే అంచు మెత్తబడుతుంది.

గోడ, గుడ్డ. గోడకు రా అంబర్, బ్లాక్, తెలుపు. వస్తువుల గీత లోపలికి కొంచెం వచ్చేలా వేయండి. గుడ్డలో వెలుగు భాగానికి తెలుపులో చిటికెడు ఓకర్, నీడకు బ్లాక్, తెలుపు బూడిద. ఇస్త్రీ మడతలు ఒక వైపు పదునుగా, రెండో వైపు మెత్తగా ఉంటాయి.

గాజు. గాజును వేయకండి, గాజు వెనక ఉన్న గోడను వేయండి. గ్లాసు లోపలి భాగం గోడ టోన్ కంటే పిసరంత ముదురు, అంతే. నీళ్లున్న చోట వెలుగు తిరగబడుతుంది: కిటికీ ఎడమనుంటే నీళ్ల ఎడమ భాగం ముదురుగా, కుడి భాగం లేతగా ఉంటుంది. గ్లాసు నీడ మధ్యలో బల్ల మీద ఒక వెలుగు మచ్చ పడుతుంది, దాన్ని మరవొద్దు. పైఅంచు చుట్టూ ఒకే మందం గీత లాగకండి. అక్కడక్కడ మాయమై మళ్లీ కనిపించాలి. క్లాస్ గ్లాసుల్లో అంచు సగం చోట్ల ఉండనే ఉండదు.

సత్తు పళ్లెం. వెలుగు వైపు బ్లాక్, తెలుపు కలిపిన చల్లని బూడిద. నీడ వైపు రా అంబర్ కలిపిన వెచ్చని బూడిద. నిమ్మకాయ, బన్ను పక్కన పళ్లెంలో వాటి రంగు మసగ్గా పడుతుంది. బ్రష్‌ను పళ్లెం గుండ్రం వెంట తిప్పండి. తర్వాత పొడి మెత్తని బ్రష్‌తో ఒక్కసారి తాకించి వదిలేయండి. పదే పదే రుద్దితే లోహం కాస్తా ప్లాస్టిక్ అవుతుంది.

మట్టి ముంత. బర్న్ట్ సియన్నా, ఓకర్, రా అంబర్. గరుకు బ్రష్‌తో దాదాపు పొడి రంగు వేయండి. దీనికి హైలైట్ దాదాపు అక్కర్లేదు.

బన్ను, నిమ్మ. బన్ను పైపొరకు ఓకర్, సియన్నా పలచగా. విరిచిన చోట తెలుపు, ఓకర్ మందంగా, చుక్కలు చుక్కలుగా. నిమ్మకాయ వెలుగుకు లెమన్ ఎల్లో, తెలుపు, మధ్యకు ఓకర్, నీడకు రా అంబర్. నీడలో బ్లాక్ వేస్తే కాయ ఆకుపచ్చగా మారుతుంది. తొక్క లోపలి తెలుపు గుడ్డ తెలుపు కంటే వెచ్చగా, ఒక మెట్టు ముదురుగా ఉండాలి.

## 9. గ్లేజు, హైలైట్లు

రంగు పొర తాకితే అంటుకోనంతగా ఆరాకే గ్లేజు, అంటే కింది పొర కనిపించే పలచటి పూత. అవిసె నూనె, టర్పెంటైన్ సగం సగం కలిపి, అందులో పిసరంత బర్న్ట్ అంబర్ వేసి నీడల మీద మాత్రమే పలచగా రాసి గుడ్డతో తుడవండి. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ అన్న నియమం ఇక్కడ తప్పితే బొమ్మ తర్వాత పగుళ్లిస్తుంది.

హైలైట్లు ఒకే విడతలో, అన్నీ కలిపి వేయండి. వస్తువు దేనితో చేసిందో చెప్పేది హైలైట్ అంచే:

- గాజు: చిన్నది, పదునైనది, కిటికీ ఆకారంలో గ్లాసు వంపు వెంట వంగి ఉంటుంది. ఎదుటి లోపలి వైపు దాని మసక జోడు ఒకటి
- సత్తు: మధ్యలో లేత, చుట్టూ నెమ్మదిగా కలిసిపోయేది
- కత్తి అలుగు: పొడవాటి ఒకే గీత, మధ్యలో తెగినది
- నిమ్మతొక్క: సూది మొనలంత చుక్కలు, వరుసలో కాకుండా
- మట్టి: వెడల్పుగా, మసగ్గా, ఉండీ లేనట్టు

బ్రష్ నిండా మందపు రంగు తీసుకుని ఒక్కసారి పెట్టి చేయి తీసేయండి. మొత్తం బొమ్మలో అతి లేత చోటు ఒక్కటే ఉండాలి. అది గ్లాసు మీద ఉంటే మంచిది.

## 10. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటి మందు

వస్తువులు అతికించినట్టున్నాయి. నీడ వైపు అంచు, దాని వెనక గోడ ఒకే టోన్‌లో ఉన్న చోటు వెతికి, పొడి బ్రష్‌తో రెండింటినీ కలిపేయండి. ప్రతి వస్తువుకూ ఒక అంచైనా గోడలో కరగాలి.

వస్తువు తేలుతోంది. అడుగున బల్లను తాకే చోట సన్నని ముదురు గీత లేదు. బర్న్ట్ అంబర్, బ్లాక్ కలిపి పెట్టండి. ఆ గీత బయటికి పోయేకొద్దీ మెత్తబడాలి.

గ్లాసు పాలలా తెల్లబడింది. హైలైట్లు ఎక్కువయ్యాయి. అన్నీ తుడిచి, గోడ రంగు మళ్లీ వేసి, రెండు మెరుపులతో ఆపండి.

బొమ్మంతా బురదగా ఉంది. వెలుగు, నీడ రెండూ ఒకే వెచ్చదనంలో ఉన్నాయి. వెలుగు భాగాల్లోని బూడిదలో అంబర్ తగ్గించి బ్లాక్, తెలుపు పెంచండి.

ముదురు భాగాలు ఆరాక పేలవంగా, మచ్చలుగా కనిపిస్తున్నాయి. అంబర్, బ్లాక్ వేసిన చోట్ల నూనె కిందికి ఇంకిపోతుంది. పూర్తిగా ఆరిన పొర మీద, టర్పెంటైన్ కలిపిన అవిసె నూనెను బట్టతో అతి పలచగా రాసి, మిగిలింది తుడిచేసి, ఆపై పని కొనసాగించండి.

## 11. ఆరబెట్టడం, వార్నిష్

పూర్తయిన బొమ్మను బీరువా వెనకో చీకటి గదిలోనో పెట్టకండి, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. ఎండ నేరుగా తగలని, వెలుగున్న గదిలో దుమ్ము పడకుండా నిలువుగా ఉంచండి. గోడకు ఆనించకుండా కొంచెం ఎడం ఉంచితే వానాకాలంలో వెనక బూజు పట్టదు. పసుపెక్కిన బొమ్మ అయితే కొన్ని వారాలు వెలుగులో ఉంచితే చాలామటుకు తేరుకుంటుంది.

వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగండి. హైలైట్లు మందంగా వేశారు కాబట్టి ఏడాది ఆగినా మంచిదే. ఆరిందో లేదో తెలియాలంటే ఒక మూల దూదిని టర్పెంటైన్‌లో ముంచి మెల్లగా తాకించండి, దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి. గాలిలో తేమ లేని రోజు చూసుకుని, తర్వాత తీసేయగలిగే రకం సాటిన్ వార్నిష్‌ను బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి ఒకే పలచటి పూతగా వేయండి. పది నిమిషాల తర్వాత మళ్లీ బ్రష్ తాకించకండి, గీతలు నిలిచిపోతాయి.